ప్రహరీ గోడకు అవతల

దేశం ఎప్పటికి బాగుపడుతుందన్న మాట ఎక్కడ వచ్చినా కాసేపటికే వాదన రెండు దారుల్లో పడుతుంది. జనానికి క్రమశిక్షణ లేదు, రోడ్డు మీద ఉమ్మేవాళ్లు, రాంగ్ రూట్లో బండి నడిపేవాళ్లు, నోటు తీసుకుని ఓటేసేవాళ్లు ఉన్నంతకాలం ఏ పార్టీ వచ్చినా ఇంతే అంటారు కొందరు. జనాన్ని ఆడిపోసుకోవడం దేనికి, చెత్తబండి రాని వీధిలో చెత్త ఎక్కడ వెయ్యాలి, ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద ఎక్కడ నడవాలి, మారాల్సింది వ్యవస్థ అంటారు ఇంకొందరు. రెండు వాదాల్లోనూ నిజం ఉంది. అయితే రెండింటిలోనూ ఒక వెసులుబాటు కూడా ఉంది. జనం మారాలనే మనిషి ఆ జనంలో తనను లెక్కవేసుకోడు. వ్యవస్థ మారాలనే మనిషికి ఆ వ్యవస్థ ఎప్పుడూ దూరంగానే ఉంటుంది, ఢిల్లీలోనో రాష్ట్ర సచివాలయంలోనో. వాదన ముగిసి లేచాక ఇద్దరికీ మర్నాడు చెయ్యాల్సిన పనేమీ మిగలదు. ఈ రెండు వాదాల మధ్య మనం చూడకుండా దాటేస్తున్న చోటు ఒకటుంది. అది మన పంచాయతీ, మన మున్సిపల్ వార్డు. గుమ్మానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న ప్రభుత్వం అదే. పౌర బాధ్యతకు అసలైన చోటు అదేననీ, మంచి అలవాట్ల కంటే ముందు అక్కడ లెక్క అడగడమే ఆ బాధ్యతలో పెద్ద భాగమనీ నేను నమ్ముతున్నాను. దేశాభివృద్ధి మీద ఇన్ని చర్చలు చేసే మనం సరిగ్గా ఆ చోటునే గాలికి వదిలేశాం.

ముందు జనం మారాలన్న వాదాన్ని చూద్దాం. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు బయటపడింది. లక్షల మంది దొరికిన రైలెక్కి ఊరొదిలి పారిపోయారు. మన తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్న నగరం అది. అప్పటికి మురికికి పేరుమోసిన ఊరు. మరుసటి ఏడాది ఎస్.ఆర్. రావు అనే ఐఏఎస్ అధికారి అక్కడికి మున్సిపల్ కమిషనరుగా వెళ్లారు. నగరాన్ని జోన్లుగా విడగొట్టి ఖర్చు పెట్టే అధికారం, నిర్ణయం తీసుకునే అధికారం జోనల్ అధికారులకే ఇచ్చారు. పొద్దున్నే అధికారులంతా వీధుల్లో ఉండాలన్నారు. రాత్రుళ్లు రోడ్లు ఊడ్పించారు. ఫిర్యాదు వస్తే ఇన్ని గంటల్లో తేల్చాలని గడువు పెట్టారు. చెత్త బయట వేసిన దుకాణాలకు, హోటళ్లకు జరిమానాలు వేశారు. రెండేళ్లు తిరిగేసరికి దేశంలోని శుభ్రమైన నగరాల్లో సూరత్ రెండోదన్న పేరు తెచ్చుకుంది. మనుషులు వాళ్లే. అవే మగ్గాలు, అవే గుడిసెలు, అవే ఇరుకు సందులు. వాళ్లకు హఠాత్తుగా కొత్త సంస్కారం పుట్టుకురాలేదు. వేసిన చెత్త పొద్దున్నే ఎత్తుకెళ్తారన్న నమ్మకం, ఎత్తకపోతే అడగొచ్చన్న ధైర్యం మాత్రం కొత్తగా వచ్చాయి. నడవడి ఆ తర్వాత మారింది. సివిక్ సెన్స్ రక్తంలో ఉంటుందనీ, మనవాళ్లకు పుట్టుకతోనే లేదనీ తేల్చేసేవాళ్లు సూరత్ గురించి ఒక్కసారైనా ఆలోచించాలి.

అలాగని ఒక మంచి అధికారి దొరికితే చాలని సరిపెట్టుకోవడానికి లేదు. ఆ కమిషనరు రెండు మూడేళ్లలో బదిలీ అయ్యారు. అయినా 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్, ఇందోర్‌తో కలిసి మొదటి స్థానంలో నిలిచింది. మనిషి వెళ్లినా పద్ధతి నిలవాలంటే దాన్ని నిలబెట్టేవాళ్లు ఆ ఊళ్లోనే ఉండాలి. ఇవాళ చెత్తబండి ఎందుకు రాలేదని అడిగేవాళ్లు ఉండాలి, జవాబు చెప్పక తప్పని వాళ్లూ ఉండాలి. వ్యవస్థ మారాలనేవారు తరచుగా మరిచిపోయేది ఈ అడిగేవాళ్లనే. వ్యవస్థ పైనుంచి ఒకసారి మారి అలాగే ఉండిపోదు. అడిగేవాళ్లు లేని రోజు నుంచి అది పాత దారి పడుతుంది.

అడగడానికి చట్టం మనకు చోటు ఇవ్వలేదా అంటే, ఇచ్చింది. 73, 74 రాజ్యాంగ సవరణలు 1992లో పార్లమెంటు ఆమోదం పొంది 1993లో అమల్లోకి వచ్చాయి. పంచాయతీలకు అప్పగించదగ్గ అంశాలు 29, మున్సిపాలిటీలకు 18 అని రాజ్యాంగంలోనే షెడ్యూళ్లు చేర్చారు. గ్రామసభకు రాజ్యాంగ హోదా వచ్చింది. 3 లక్షలు, అంతకు పైబడి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలన్నారు. అయిదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నికలు పూర్తికావాలన్నారు. ఇక జరిగింది చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ పాలకవర్గాల గడువు 2018 ఆగస్టులో ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. కరోనా కొంత కారణమే, కానీ కరోనా వచ్చేనాటికే ఏడాదిన్నర గడిచిపోయింది. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో గడువు ముగిస్తే 2025 డిసెంబరు దాకా పోలింగ్ జరగలేదు. అన్నాళ్లూ ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేనిచోట కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి, ఆగిపోయాయి. వీధి దీపానికి, బోరు మోటారు మరమ్మతుకు డబ్బులేని పంచాయతీల్లో కార్యదర్శులు చేతి డబ్బు పెట్టుకోవాల్సి వచ్చింది. శాసనసభ ఎన్నికలు రెండేళ్లు వాయిదా వేస్తే ఈ రెండు రాష్ట్రాలు ఎంత అట్టుడికిపోయేవో ఊహించుకోండి. పంచాయతీ ఎన్నికలు వాయిదా పడితే పత్రికల్లో లోపలి పేజీ వార్త అయింది. ఏలినవారి నేరం అందులో ఉంది, ఎవరూ కాదనరు. కానీ మన మౌనం కూడా అందులో ఉంది. ప్రజాస్వామ్యం అంటే ముఖ్యమంత్రి ఎవరన్నదేనని మనం స్థిరపడిపోయాం కాబట్టే కింది అంతస్తు ఖాళీగా పడి ఉన్నా మనకు పట్టలేదు.

మనకు లెక్క అడగడం చేతకాదా? ఈ ప్రశ్నకు జవాబు హైదరాబాదు, విజయవాడ, విశాఖ నగరాల్లోని ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా దొరుకుతుంది. నెలనెలా మెయింటెనెన్స్ కట్టే ఫ్లాటు వాళ్లు దాని మీద ఎంత పట్టుగా ఉంటారో చూడండి. లిఫ్టు ఏఎంసీ ఎవరికిచ్చారు, ఎన్ని కొటేషన్లు తీసుకున్నారు, డీజిల్ ఎన్ని లీటర్లు పోశారు, ఏప్రిల్లో ఎన్ని ట్యాంకర్లు తెప్పించారు, సంపు కడిగించి ఎన్నాళ్లయింది, వాచ్‌మన్ జీతం ఎందుకు పెంచారు – అన్నీ అడుగుతారు. కార్యదర్శి నెల తిరిగేలోపు జమాఖర్చులు వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. కార్పస్ ఫండ్‌లోంచి పదివేలు తీయాలన్నా మీటింగు పెట్టి తీర్మానం రాయాలి. లెక్క తేలకపోతే వచ్చే ఏడాది ఆ కమిటీ ఉండదు. ఇంతకంటే మంచి స్థానిక స్వపరిపాలన ఎక్కడుంది? అయితే అదంతా ప్రహరీ గోడ దగ్గర ఆగిపోతుంది. గేటు బయట కాలువకు వానలకు ముందు పూడిక తీస్తారు. తీసిన మట్టిని గట్టు మీదే పోసి వెళ్లిపోతారు. మొదటి వానకు అదంతా జారి మళ్లీ కాలువలో పడుతుంది. ఆ పనికి ఎస్టిమేట్ ఎంత, పూడికను ఎత్తి దూరంగా తరలించినట్టు ఎం-బుక్‌లో, అంటే పని కొలతల పుస్తకంలో, రాసి బిల్లు ఎత్తారా, కొలిచిన ఇంజినీరు ఎవరు – ఈ మూడు ప్రశ్నలు ఆ వంద ఫ్లాట్లలో ఒక్కరూ అడగరు. వేరే చెప్పక్కర్లేదు, ఆ కాలువ ఖర్చు కూడా వాళ్లు కట్టిన ఆస్తి పన్నులోదే. ఏప్రిల్లో కడితే అయిదు శాతం రాయితీ అంటే పోటీపడి కట్టినదే.

ఇందులో సామర్థ్యం కొరత లేదు. ఎకౌంట్లు చదవగలరు, దరఖాస్తు రాయగలరు, నలుగురిని కూడగట్టగలరు. కొరత ఉన్నది సంబంధంలో. నీళ్లు రాకపోతే బోరు, బోరు ఎండితే ట్యాంకరు, కరెంటు పోతే జనరేటరు, బడి బాగోకపోతే ప్రైవేటు బడి, ఆసుపత్రి బాగోకపోతే కార్పొరేటు ఆసుపత్రి. డబ్బున్నవాళ్లు ఒక్కొక్కటిగా ప్రభుత్వ సేవల నుంచి తప్పుకుంటూ వచ్చారు. తప్పుకున్నవారికి కోపం ఉండదు, కోపం లేనిచోట అడగడం ఉండదు. ఎవరికి వారే యమునా తీరే. 2020 డిసెంబరులో జరిగిన గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో పోలింగ్ 47 శాతం దాటలేదు. మూడు నెలలు తిరక్కముందే ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు విడతలుగా జరిగిన పంచాయతీ ఎన్నికల్లో ప్రతి విడతలోనూ 80 శాతం దాటింది. చదువు ఎక్కువైతే పౌర స్పృహ పెరుగుతుందన్న మన నమ్మకానికి ఈ అంకెలు అడ్డం నిలుస్తాయి. పల్లెలో మనిషికి పంచాయతీ కావాలి. మంచినీళ్ల కుళాయికి, పింఛను దరఖాస్తుకు, శ్మశానం దారికి అది తప్ప గతి లేదు.

అలాగని పల్లెను ఆకాశానికెత్తి ఊరుకోలేం. ఓటు వేసిన ఊరు గ్రామసభకు రాదు. తెలంగాణ 2018 చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలంటుంది. చాలాచోట్ల అది రిజిస్టరులో సంతకాలుగా జరుగుతుంది. కారణం సోమరితనం అనుకోను. తేల్చడానికి ఏమీ లేని సభకు ఎవరు వస్తారు? 2017-18 ఆర్థిక సర్వే ప్రకారం మన పంచాయతీల ఆదాయంలో 95 శాతం దాకా కేంద్రం, రాష్ట్రం పంపేదే. వాటిలో చాలావరకు ఫలానా పనికే వాడాలన్న షరతుతో వస్తాయి. సొంతంగా వసూలు చేసుకునేది చాలా తక్కువ. ఇంటి పన్ను పెంచితే ఓట్లు పోతాయని సర్పంచి భయం, కట్టకపోయినా ఏమీ కాదని ఊరి ధీమా. పన్ను కట్టనివాడు లెక్క అడగడు, లెక్క చెప్పనివాడు పన్ను అడగలేడు. ఈ ముడి ఎక్కడో ఒకచోట విప్పాలి. వరంగల్ దగ్గరి గంగదేవిపల్లి విప్పి చూపించింది. మంచినీటికో కమిటీ, పారిశుధ్యానికో కమిటీ, ఇలా పనికొక కమిటీ పెట్టుకుని, ఇంటి పన్ను నూటికి నూరు శాతం కట్టి, తమ డబ్బు ఎటు పోతుందో తామే చూసుకున్న ఊరు అది. అక్కడికి బస్సుల్లో వెళ్లి చూసి వచ్చిన సర్పంచులు వేలల్లో ఉంటారు. చూసి వచ్చాక తమ ఊళ్లో జమాఖర్చుల పుస్తకం తెరిచినవాళ్లు ఎందరన్నదే అసలు ప్రశ్న.

ఉద్యమాలు చాలవా, జనం కదిలితే ప్రభుత్వాలు దిగిరాలేదా అని అడగొచ్చు. మన నేల మీదే గొప్ప ఉదాహరణ ఉంది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం రాత్రి బడులు పెట్టింది. పలక పట్టుకున్న ఆడవాళ్లు తమ బతుకు గురించి మాట్లాడుకున్నారు. దూబగుంటలో రోసమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా కొట్టును మూయించారు. ఆ సంగతే చదువుల వాచకంలో పాఠమై ఊరూరా పాకింది. 1992లో సారా వేలంపాటలే జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది పోయింది. ఖజానాకు రాబడి కావాలన్నది ప్రభుత్వం చూపిన కారణం. ప్రభుత్వాన్ని దించగల, నిలపగల బలం చూపిన ఆ ఆడవాళ్లకు ఆ నిర్ణయం జరిగిన రోజున కూర్చోవడానికి ఒక కుర్చీ లేదు, అడగడానికి ఒక సభ లేదు. కానీ ఆ ఉద్యమం నుంచి ఒకటి మాత్రం మిగిలింది. అదే నెల్లూరులో రోజుకో రూపాయి చొప్పున దాచుకునే పొదుపు సంఘాలు పుట్టాయి, రాష్ట్రమంతా విస్తరించాయి, ముప్పయ్యేళ్లు దాటినా నడుస్తున్నాయి. సారా ఉద్యమంలో ఉన్నంత ఆవేశం వాటిలో లేదు. ఉన్నదల్లా నెలకోసారి తప్పని సమావేశం, తీర్మానాల పుస్తకం, ఎవరెంత కట్టారో ఎవరికెంత అప్పిచ్చారో అందరి ముందూ చదివే అలవాటు. అవే వాటిని నిలబెట్టాయి.

ఇదే అలవాటును ప్రభుత్వ సొమ్ముకు వర్తింపజేస్తే ఏమవుతుందో కూడా మనమే దేశానికి చూపించాం. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. అదే ఏడాది ఆ జిల్లాలోనే సామాజిక తనిఖీ ఊపందుకుంది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి ఊళ్లలో జరిపిన బహిరంగ విచారణలు దానికి దారి చూపాయి. సమాచార హక్కు చట్టం పుట్టింది కూడా ఆ పోరాటంలోంచే. రాజస్థాన్‌లో సంఘం పోరాడి చేయించినదాన్ని ఇక్కడ ప్రభుత్వమే పద్ధతిగా పెట్టింది. కూలీల ఇళ్లలో చదువుకున్న కుర్రాళ్లకు, అమ్మాయిలకు శిక్షణ ఇస్తారు. సొంత ఊరికి కాకుండా పక్క ఊళ్లకు పంపుతారు. మస్టరు కాపీ పట్టుకుని వాళ్లు ఇల్లిల్లూ తిరుగుతారు. నువ్వు ఫలానా వారం చెరువు పనికి వెళ్లావా, ఎన్ని రోజులు, ఎంత ముట్టింది అని అడుగుతారు. చనిపోయిన మనిషి పేర హాజరు పడి ఉంటుంది. బెంగుళూరులో ఇటుక మోస్తున్న మనిషి అదే వారం ఊళ్లో కందకం తవ్వినట్టు ఉంటుంది. టేపు పట్టుకుని కందకం కొలుస్తారు. రికార్డులో లోతు ఒకటి, నేల మీద లోతు ఒకటి. చివరి రోజు మండల కేంద్రంలో షామియానా వేసి ప్రజావేదిక పెడతారు. ఎంపీడీవో, టెక్నికల్ అసిస్టెంటు, ఫీల్డ్ అసిస్టెంటు అందరూ ఉంటారు. మైకు కూలీ చేతికి వస్తుంది. సంతకం నాది కాదు సార్ అని ఒక ముసలామె మైకులో చెప్పడం, దానికి అధికారి అక్కడికక్కడ జవాబు చెప్పాల్సి రావడం – మన పరిపాలనలో ఇంతకంటే పెద్ద మార్పు నాకు కనపడదు. ఓటు వేసిన రోజున కూడా ఆమెకు ఆ హోదా లేదు.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాల్లో మొదటిది తేలికైనది కాదు. రోజు కూలి పోగొట్టుకుని పేదవాడు సభలకు ఎందుకు రావాలి, బాధ్యత అనే బరువును కూడా వాళ్ల నెత్తినే పెడతారా అని. న్యాయమైన మాట. అందుకే సభ ఖాళీ మాటల సభ కాకూడదు. కేరళ 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టినప్పుడు ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థల చేతికే ఇచ్చింది. నిర్ణయించడానికి నిజంగా డబ్బు ఉండటంతో గ్రామసభలకు లక్షల మంది వచ్చారు. తర్వాత్తర్వాత అక్కడా లబ్ధిదారుల జాబితా తయారీకే సభ పరిమితమై జోరు తగ్గింది. కానీ వంద మందీ రానక్కర్లేదు. లెక్క బయట పెడతారన్న భయం లెక్క రాసేవాడికి ఉండటానికి పదిమంది చాలు, ఆ పదిమందిని మిగతా తొంభైమంది మెచ్చుకుంటే చాలు. పైగా, సమయం ఉన్నవాళ్లు ఎవరు? రిటైరైన ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, ఇంజినీర్లు ఊరికి పదిమంది ఉంటారు. ఎస్టిమేట్ చదవడం తెలిసినవాళ్లే వార్డు వైపు చూడకపోతే ఆ బరువు కూలివాళ్ల మీద పడుతుంది. ఇందులో తప్పు కూలివాళ్లది కాదు.

రెండో అభ్యంతరం అంబేడ్కర్‌ది, అందుకే దానికి తలవంచి జవాబు చెప్పాలి. 1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందు పెడుతూ ఆయన ఊరును కీర్తించేవారిని గట్టిగా మందలించారు. సంకుచితత్వానికి, అజ్ఞానానికి, కులమతతత్వానికి ఊరే కాణాచి అన్నది ఆయన భావం. స్థానిక స్వపరిపాలనకు ప్రాచీన ఘనతగా మనవాళ్లు చెప్పుకునే ఉత్తరమేరూరు చోళ శాసనం చూడండి. లెక్క అప్పగించని కమిటీ సభ్యుడూ, అతని బంధువులూ మళ్లీ ఎన్నికకు పనికిరారని వెయ్యేళ్ల కిందట రాతి మీద చెక్కారు. చదివితే ఒళ్లు పులకరిస్తుంది. అయితే అది భూమి ఉన్న బ్రాహ్మణుల సభ. ఊరి చివర ఉన్నవాడికి అందులో చోటు లేదు. ఇవాళ రిజర్వేషన్ వల్ల దళిత మహిళ సర్పంచి అవుతుంది, చెక్కు బుక్కు మాత్రం మరెవరి ఇంట్లోనో ఉంటుంది. ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. దానికి సమాధానం ఊరిని నమ్మమని కాదు. ఊరికి అధికారం ఇస్తూనే, బయటివాళ్ల తనిఖీ, సమాచార హక్కు, రిజర్వేషన్, కోర్టు – ఇవన్నీ ఊరి పెద్దల తలపైన ఉంచడం. సామాజిక తనిఖీలో పక్క ఊరి కుర్రాళ్లను పంపడం వెనుక ఉన్న ఎరుక ఇదే. అంబేడ్కర్ అనుమానాన్ని మరిచిపోయిన స్థానిక పాలన పెత్తందార్ల పాలనే అవుతుంది. ఆ అనుమానాన్ని వెంట ఉంచుకున్నది కూలీ చేతికి మైకు ఇవ్వగలుగుతుంది.

ఇక మూడోది, మధ్యతరగతి ఇళ్లలో తరచుగా వినిపించేది. ఇన్ని సభలు, తనిఖీలు ఎందుకు, గట్టి నాయకుడొకడు, క్రమశిక్షణ ఉంటే దేశం దానంతటదే బాగుపడుతుంది, తూర్పు ఆసియా దేశాలను చూడమంటారు. క్రమశిక్షణ ప్రయోగం మనమూ చేశాం. ఎమర్జెన్సీలో, 1976 నాటి 42వ సవరణతో పౌరుల ప్రాథమిక విధులను రాజ్యాంగంలో చేర్చారు. హక్కులు సస్పెండై, విపక్ష నాయకులు జైళ్లలో ఉండగా విధులు రాశారు. అందులోని విధులు మంచివే. కానీ ప్రభుత్వాన్ని లెక్క అడగడం వాటిలో ఎక్కడా లేదు, ఉండే అవకాశమూ లేదు. తూర్పు ఆసియా ఉదాహరణ కూడా వాళ్లు చెప్పినంత సూటిగా లేదు. దక్షిణ కొరియాలో పార్క్ చుంగ్ హీ నియంతే. అయినా 1970లో మొదలైన కొత్త ఊళ్ల ఉద్యమంలో ఆ ప్రభుత్వం దాదాపు 33 వేల ఊళ్లకు తలా 335 బస్తాల సిమెంటు పంపి, దాంతో వంతెన కట్టుకుంటారో బావి కట్టుకుంటారో ఊరే తేల్చుకోమంది. సద్వినియోగం చేసిన ఊళ్లకు మరుసటి ఏడాది ఇంకా ఎక్కువ సిమెంటూ, ఇనుమూ ఇచ్చింది. నియంతకు కూడా ఊరి నిర్ణయం అవసరమైంది. ఆ దేశం కూడా 1990లలో స్థానిక ఎన్నికలను మళ్లీ తెచ్చుకుంది. గట్టి నాయకుడు పెద్ద రోడ్డు వేయించగలడు. ఆ రోడ్డు పక్క కాలువ పూడిందో లేదో రోజూ చూడటం ఎంత గట్టి నాయకుడికైనా సాధ్యం కాదు.

చివరి అభ్యంతరానికి వెళ్లేముందు ఊరికి దూరంగా ఉన్న మనవాళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. అమెరికాలో, గల్ఫ్‌లో, ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్లు సొంత ఊరి మీద ప్రేమతో బడి గదులు కట్టిస్తున్నారు, నీటి శుద్ధి ప్లాంట్లు పెట్టిస్తున్నారు. 2015లో ‘శ్రీమంతుడు’ సినిమా వచ్చాక ఊరి దత్తత ఇంటింటి మాట అయింది. వాళ్ల ప్రేమను తక్కువ చేయలేను. కానీ ప్లాంటు పెట్టిన రెండో ఏడాదికో మూడో ఏడాదికో మెంబ్రేన్ మార్చాలి, కరెంటు బిల్లు కట్టాలి, క్యానుకు ఎంత వసూలు చెయ్యాలో, ఎవరికి ఉచితంగా ఇవ్వాలో తేల్చాలి. అవి తేల్చే సభ ఊళ్లో లేకపోతే ప్లాంటుకు తాళం పడుతుంది. దాత ఫలకం మాత్రం తలుపు మీద మెరుస్తూ ఉంటుంది. కట్టించిన దాంతో పాటు, దాని జమాఖర్చులు ఏటా గ్రామసభలో చదవాలన్న షరతు ఒక్కటి పెట్టగలిగితే వాళ్ల డబ్బుకు పదింతల విలువ వస్తుంది. ఆ షరతు పెట్టే అధికారం దాతకు ఉంది, ఊరి రాజకీయాల మొహమాటం కూడా ఉండదు.

అన్నిటికంటే కఠినమైన అభ్యంతరం చివరిది. తనిఖీలు చేశారు సరే, ఒరిగిందేమిటి అని. తెలుగునాట ప్రజావేదికల్లో బయటపడిన సొమ్ములో వసూలైంది కొంచెమే. తొలగించిన ఫీల్డ్ అసిస్టెంట్లు కొన్నాళ్లకు మళ్లీ విధుల్లోకి వచ్చినచోట్లు ఉన్నాయి. కూలీ మస్టర్లలో దొంగతనం కష్టమైతే మెటీరియల్ బిల్లుల్లోకి అది మారిందని పరిశోధకులు రాశారు. ఇదంతా నిజమే, దీన్ని దాచి వాదించడం నాకు ఇష్టం లేదు. కానీ ఇది అడగడం వృథా అని చెప్పే సాక్ష్యం కాదు, అడగడం సగంలో ఆగిపోయిందని చెప్పే సాక్ష్యం. కింద మైకు ఇచ్చారు గానీ పైన రికవరీ ఫైలు ఎక్కడ ఆగిందో అడిగే చోటు ఇవ్వలేదు. పేదవాడి కూలి మీద ఇంత తనిఖీ పెట్టిన ప్రభుత్వాలు నగరాల్లో కోట్ల రూపాయల నాలా పనుల మీద, రోడ్డు కాంట్రాక్టుల మీద ఇలాంటి ప్రజావేదిక ఒక్కటీ పెట్టలేదు. పల్లెల్లో కందకం లోతు టేపుతో కొలిచినట్టే వార్డుల్లో రోడ్డు మందం కొలవచ్చు. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టంలో వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలని రాసి ఉంది. ఆ కమిటీల సమావేశం ఎప్పుడు, మినిట్స్ ఎక్కడ, ఎం-బుక్ కాపీ ఎవరిస్తారు అని అపార్ట్‌మెంట్ సంఘాలు నాలుగు కలిసి ఒక దరఖాస్తు పెడితే వార్డు అధికారి దానికి జవాబు రాయక తప్పదు. మెయింటెనెన్స్ లెక్కల్లో ఆరితేరిన ఆ కార్యదర్శులకు ఆ దరఖాస్తులో ఏం రాయాలో ఎవరూ నేర్పనక్కర్లేదు.